బూడిద రంగు నది

"లేవండి అత్తయ్యా. పట్టా చుట్టేయాలి."

"లేవను. ఏం చేసుకుంటావో చేసుకో."

ఎండబోసిన వడ్ల మధ్య టార్పాలిన్ పట్టా మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది సిప్రోసా. కోడలు అకేయో పట్టా కొస పట్టుకుని వంగి నిలబడింది. లాగితే ముసలావిడ దొర్లిపడుతుంది, లాగకపోతే వడ్లు కదలవు. ఆ సంగతి తెలిసే అత్తగారు అక్కడ బైఠాయించింది.

అహేరో ఊరి మీద ఆకాశం తోమిన పళ్ళెంలా మెరిసిపోతోంది. కాగడా పెట్టి వెతికినా మబ్బు తునక లేదు. వరి మళ్ళ గట్ల మీద కొంగలు తీరిగ్గా నడుస్తున్నాయి.

"ఈ ఎండలో వరదేంటే? నీ కళ్ళకి ఏమైనా అయిందా?"

"వాన ఇక్కడ పడక్కర్లేదు అత్తయ్యా. నిన్నటి నుంచి పైన టీ తోటల కొండల మీద కుంభవృష్టి. ఆ నీళ్ళన్నీ మన న్యాండో నదిలోకేగా దిగాలి?"

"పోయిన నెలా ఇదే పాట పాడావు."

అకేయో పట్టా కొస వదిలేసింది.

పోయిన నెల ఇదే గుమ్మం ముందు నిలబడి, వరదొస్తోంది లేవండి అంది కోడలు. సిప్రోసా మారుమాట్లాడకుండా లేచింది. బస్తాలు, మేకలు, పరుపు, ఆఖరికి రోలు కూడా మిట్ట మీది బడికి మోయించింది. నదిలో చుక్క నీరు పెరగలేదు. మళ్ళీ అన్నీ వెనక్కి మోసుకొస్తుంటే దారి పొడుగునా నవ్వులు. సంతలో చేపలమ్మే ఆవిడైతే "సిప్రోసా, వరద ఎలా ఉంది, కులాసాయేనా?" అని పలకరించింది. అప్పటినుంచి సంతకి వెళ్ళడమే మానేసింది సిప్రోసా.

"పొద్దున్నే వార్తలు మొదలయ్యాయా?"

పెద్ద కొడుకు ఒలాల్ గొంతు. ఆచారం ప్రకారం ఆవరణలో గేటు పక్క ఇల్లు పెద్ద కొడుకుగా అతనిదే. చేతిలో చాయ్ కప్పు, భుజాన తువ్వాలు. వెనకాలే అతని భార్య విల్కిస్టా వచ్చి, మాటా పలుకూ లేకుండా వడ్ల కుప్ప పక్కన నిలబడింది.

"ఏమ్మా మరదలా, ఈసారి ఎంత లోతు? ఏనుగు మునుగుతుందా, కోడి మునుగుతుందా?"

"బావగారూ, దండం పెడతాను. నవ్వులాటలు తర్వాత. ముందు అక్కనీ అత్తయ్యనీ బడి దగ్గరికి చేర్చండి."

"చేరుస్తా. నువ్వు రేడియోలో ఉండుంటే చేర్చేవాణ్ణే. అప్పుడు నీ నోట్లోంచి మాటొస్తే ఊరంతా చేతిలో పని ఆపి వినేది. ఇప్పుడో? బంగారం లాంటి ఉద్యోగాన్ని కాలదన్నుకుని, మీసాలు రాని కుర్రాళ్ళ మధ్య కూర్చుని అంకెలు ఏరుకుంటున్నావు. బియ్యంలో రాళ్ళేరినట్టు."

"బాగా చెప్పారు. అదే పని."

"సిగ్గులేకుండా ఒప్పుకుంటోంది చూడమ్మా!"

సిప్రోసా తల తిప్పుకుంది. ఆ రేడియో మాట ఆవిడకి పుండు మీద కారం. అకేయో గొంతు రేడియోలో వస్తుంటే సంతలో ఆడవాళ్ళు తనకి దారి వదిలేవారు. "ఆ గొంతు వాళ్ళ అత్తగారు" అని కొత్తవాళ్ళకి చూపించేవారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆ గొంతు ఆగిపోయింది. రేడియో వదిలేశాననీ, కిసుము పట్నంలో డేటా పని నేర్చుకుంటున్నాననీ కోడలు వచ్చి చెబితే, ఆ డేటా అనేది తినేదో తాగేదో సిప్రోసాకి అర్థం కాలేదు. మొన్నమొన్నటి దాకా ఆ పిల్లతో సరిగా మాట్లాడలేదు కూడా.

ఒలాల్ ఇప్పుడు తమ్ముడి వైపు తిరిగాడు. ఒగుటు గేటు దగ్గర అద్దెకి తెచ్చిన పిక్-అప్‌కి ఆనుకుని నిలబడ్డాడు. కిసుములో మెకానిక్కు. గోళ్ళలో ఎప్పుడూ నల్ల గ్రీజు.

"ఒరే తమ్ముడూ, నువ్వు చెప్పరా. నీ పెళ్ళాం మాట నువ్వు నమ్ముతున్నావా?"

ఒగుటు కాలితో నేల మీద ఏదో గీశాడు.

"చెప్పరా!"

"నదుల సంగతి నాకేం తెలుసన్నయ్యా."

అకేయో భర్త వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు సిప్రోసా గుర్తుపట్టింది. తాను కూడా చచ్చిపోయిన మొగుణ్ణి చాలాసార్లు అలా చూసింది. దాని తర్వాత ఇంట్లో వంట జరుగుతుంది, మాటలు జరగవు.

అంతలో ఫోన్ మోగింది.

*

అకేయో గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి, రెండు చేతులూ దాని మీదే ఉండటంతో ఫోన్‌ని పక్కన పెట్టి గట్టిగా వినబడేలా చేసింది. అవతల వరద హెచ్చరికల ఆఫీసులో ఆమె పై అధికారి నంజాలా. వయసులో అకేయో కన్నా బాగా చిన్నది.

"అకేయో గారూ, ఎక్కడున్నారు? ఆఫీసుకి రాలేదేంటి?"

"అహేరోలో ఉన్నాను మేడమ్. మా అత్తగారింట్లో."

"ఎందుకు? వరద పటంలో అహేరో పచ్చగానే ఉందిగా."

"అందుకే భయమేసి వచ్చాను. పై వంతెన దగ్గరి నీటి కొలత యంత్రం నిన్న సాయంత్రం నుంచి ఒకే అంకె పంపుతోంది. వెంట్రుకవాసి తేడా లేదు. అంకె కదలకపోతే పిలవమని నేను కంప్యూటర్లో పెట్టిన తనిఖీ పొద్దున్న పిలిచింది."

"అంటే యంత్రం చెడిపోయిందని. వరదొచ్చిందని కాదు."

"కాదు. వరదొచ్చిందని నేనూ అనట్లేదు."

"మరేం అంటున్నారు?"

"పటంలో పచ్చ రంగు తీసెయ్యమంటున్నాను."

ఒలాల్ చాయ్ జుర్రుకుంటున్న శబ్దం వినిపించింది.

"తీసేసి ఏం పెట్టను?" నంజాలా అడిగింది. "పసుపా, ఎరుపా? పోయిన నెల ఎరుపు పెడితే ఏమైందో మర్చిపోయారా? నైరోబీ పెద్దాఫీసు వాళ్ళకి జవాబు చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది."

"మర్చిపోలేదు. ఆ తప్పు నాదే. ఒక టీ తోట వాళ్ళు మిల్లీమీటర్లలో పంపిన వానని నేను అంగుళాలనుకున్నాను. ఇప్పుడు ఎరుపూ వద్దు, పసుపూ వద్దు. బూడిద రంగు పెడదాం. కింద 'మాకు తెలీదు' అని రాద్దాం."

"తెలీదు అని రాయడానికా మనకి జీతాలిచ్చేది?"

"తెలియనిచోట పచ్చ పూయడానికైతే కాదు కదా మేడమ్. ఊళ్ళ పెత్తనం చూసే చీఫ్‌లు, బడుల హెడ్మాస్టర్లు పొద్దున్నే ఫోన్లో ఆ రంగు చూసుకునే రోజు మొదలుపెడుతున్నారు. పచ్చ అంటే ఏం ఫర్వాలేదని మనం మాటిచ్చినట్టు. ఆ మాట ఇవ్వడానికి ఇవాళ మన దగ్గర ఏమీ లేదు. మార్పు రాసి పంపాను. మిగతా తనిఖీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరు ఒప్పుకుంటే పటం మారిపోతుంది."

"పైవాళ్ళని అడక్కుండా కుదరదు."

"పైవాళ్ళు మధ్యాహ్నం దాకా మీటింగులో ఉంటారు."

"తెలుసు." నంజాలా నిట్టూర్చింది. "యంత్రం దగ్గరికి మనిషిని పంపాను. రోడ్డు బాగాలేదట, ఎప్పటికి చేరతాడో తెలీదు. నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి."

ఫోన్ ఆగిపోయింది.

"ఆహా!" ఒలాల్ చప్పట్లు కొట్టాడు. "విన్నావా అమ్మా? వరదొచ్చిందని నేనట్లేదు అని తన నోటితోనే చెప్పింది. ఇంక లేవక్కర్లేదు నువ్వు."

కానీ సిప్రోసా అతని మాట వినడం లేదు. కోడలి వేళ్ళనే చూస్తోంది. ఆ పిల్ల పని చేస్తుండగా చూడటం ఇదే మొదటిసారి. తెర మీద వరసలు వరసలుగా అంకెలు కదులుతున్నాయి. అకేయో పెదాలు కదులుతున్నాయి, గొంతు బయటికి రావట్లేదు. రేడియోలో వార్తలు చదివే ముందు కూడా ఇలాగే పెదాలు కదిపేదేమో.

"ఇట్రా," అంది సిప్రోసా. "ఇలా వడ్ల మీదే కూర్చో, ఫర్వాలేదు. ఒకే అంకె వస్తే తప్పేంటి? నది నిమ్మళంగా ఉందని అర్థం కదా?"

అకేయో వచ్చి కూర్చుంది. "నది ఎప్పుడూ ఒకే అంకె చెప్పదు అత్తయ్యా. ఎండాకాలంలో కూడా గోరంత ఎక్కుతుంది, గోరంత దిగుతుంది. కదలకుండా ఉందంటే నది నిమ్మళంగా ఉన్నట్టు కాదు, మనకి నది కనపడట్లేదన్నట్టు."

సిప్రోసా వడ్లు గుప్పిట్లోకి తీసుకుని మళ్ళీ వదిలింది.

"పక్క గదిలో పసిపిల్లాడు చప్పుడు చెయ్యకపోతే, నిద్రపోయాడని వదిలెయ్యం. వెళ్ళి చూస్తాం."

అకేయో అత్తగారి ముఖంలోకి చూసింది. "అంతే అత్తయ్యా. సరిగ్గా అంతే. ఆ వెళ్ళి చూసే పనే నాది."

"మరి రేడియోలో ఆ పని చెయ్యొచ్చుగా?"

"రేడియోలో నా చేతికి కాగితం ఇచ్చేవారు, నేను చదివేదాన్ని. వరదొస్తుందని చదివితే రాలేదు, రాదని చదివితే వచ్చింది. ఆ ఏడు కొట్టుకుపోయిన ఇళ్ళవాళ్ళ పేర్లు కూడా నేనే చదివాను. అయినా ఒక్కరు కూడా నన్ను తప్పు పట్టలేదు. నీ గొంతు ఎంత బాగుందమ్మా అనేవారు. ఆ మాట వినలేకపోయాను."

ఇన్నాళ్ళకి చెప్పింది. సిప్రోసా అడిగిందీ ఇన్నాళ్ళకే.

విల్కిస్టా చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి దుప్పట్లు మూటకట్టడం మొదలుపెట్టింది. ఒలాల్ చూడలేదు.

"సరే," అంది సిప్రోసా. "ఇప్పుడు చెప్పు. వరద వస్తుందని నీకెంత నమ్మకం?"

"సగానికి కాస్త పైన."

"సగమా! సగం నమ్మకానికి నేను ఇల్లు వదలాలా? మీ మామగారు ఈ ఆవరణలోనే సమాధిలో పడుకున్నారు. ఆయన్ని వదిలి ఎక్కడికెళ్ళను? మీ ఇంటికి రాలేను, మన ఆచారంలో కొడుకింట్లో తల్లి నిద్ర చెయ్యకూడదు. పోయినసారి నవ్విన నోళ్ళు ఈసారి ఊరుకుంటాయా?"

"ఊరుకోవు."

"ఒక్క ముక్క చెప్పు. ఖాయంగా వస్తుందని చెప్పు. నా కోడలు ఒట్టేసి చెప్పిందని అందరికీ చెప్పుకుంటాను. ఇప్పుడే లేస్తాను."

ఒలాల్ కప్పు దింపాడు. ఒగుటు తలెత్తాడు. ఆ ఒక్క ముక్కతో పనైపోతుందని అందరికీ తెలుసు.

అకేయో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పలేనత్తయ్యా. నాకు తెలిసింది సగానికి కాస్త పైనే. అంతకన్నా ఎక్కువ చెబితే మళ్ళీ కాగితం చదివినట్టే."

కొంగలు గట్టు మీంచి లేచి వెళ్ళాయి.

సిప్రోసా ఆ పిల్లని ఎగాదిగా చూసింది. అబద్ధం చెబితే గెలిచే చోట కూడా చెప్పలేదే ఇది! ఏళ్ళ తరబడి సంతలో వ్యాపారం చేసిన తనకి తెలుసు, తూకం రాయి మీద వేలు వెయ్యని మనిషి ఎంత అరుదో. అలాంటి మనిషి తన గుమ్మం ముందుంటే ఇన్నాళ్ళూ ముఖం తిప్పుకుని కూర్చుంది.

"చెయ్యివ్వు," అంది. "మోకాళ్ళు పట్టేశాయి."

"అమ్మా!" ఒలాల్ అరిచాడు.

"అరవకు. పట్టా ఆ కొస పట్టుకో."

"నేను పట్టుకోను. ఇంటికి పెద్దకొడుకుని, గేటు దగ్గరుండాల్సినవాణ్ణి నేను. నేను కదలను. మీరు వెళ్ళి రేపు మళ్ళీ నవ్వులపాలై రండి."

పట్టా ఆ కొస ఒగుటు పట్టుకున్నాడు. భార్య ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

*

ఆ రాత్రి నీళ్ళు రాలేదు.

బడి వరండాలో నిద్రపోయినవాళ్ళు తెల్లారగానే లేచి చూస్తే మళ్ళు మళ్ళలాగే ఉన్నాయి, ఎండ ఎండలాగే కాస్తోంది. సిప్రోసా బస్తాలు కదలడం చూసి వెంట వచ్చిన ఇళ్ళు చాలానే. కొందరు ఆవిడ మీద నమ్మకంతో, కొందరు చోద్యం చూడటానికి. ఇప్పుడు అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు.

నిన్న సాయంత్రమే పటం రంగు మారింది. అహేరో మీద పచ్చ పోయి బూడిద రంగొచ్చింది, కింద 'మాకు తెలీదు' అన్న మాట కూడా. నంజాలా దగ్గర్నించి చిన్న సందేశం. "మార్చాను. ఏమైతే అదవుతుంది." అది చూసినప్పుడు అకేయో కాసేపు కళ్ళు మూసుకుంది. ఆ పైన పక్క ఊళ్ళ చీఫ్‌లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. "తెలీదంటే ఏంటమ్మా, మేమేం చెయ్యాలి?" అని. అందరికీ ఒకే ఓపికతో చెప్పింది. "యంత్రం పలకట్లేదండీ. పైన వాన మాత్రం గట్టిగా ఉంది. రాత్రికి నీళ్ళు రావచ్చు, ఇవాళ్టికి మిట్ట మీదుంటే మంచిది."

సిప్రోసా ఒమెనా అనే చిన్న చేపలు వేయించి, మొక్కజొన్న పిండితో ఉగాలీ వండి ముందు పెట్టినా ముద్ద ముట్టలేదు కోడలు. బడి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అదే పనిగా చూస్తోంది.

"రాత్రికి వస్తుందన్నావుగా?" చేపలమ్మే ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"రావచ్చన్నాను పిన్నీ. లెక్క తప్పి ఉండొచ్చు. ఇంకా తెలీదు."

"తెలీదు, తెలీదు! నా మనవడికీ తెలీదు. వాడు కూడా నీ ఆఫీసులో చేరొచ్చయితే."

జనం నవ్వారు. అకేయో కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూడలేక సిప్రోసా చేపల గిన్నె మీద మూత పెట్టింది.

ఎండ ముదిరేసరికి ఒలాల్ సైకిల్ మీద వచ్చాడు. గంట మోగిస్తూ బడి ఆవరణంతా ఒక చుట్టు తిరిగాడు. "వరద బాధితులారా! ఇళ్ళలో దుమ్ము పేరుకుపోతోంది, వచ్చి తుడుచుకోండి!"

జనం మూటలు ఎత్తుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ఒగుటుని పిలిచారు. "పిక్-అప్ తియ్యవయ్యా, బస్తాలు వెనక్కి వెయ్యాలి."

ఒగుటు పిక్-అప్ దగ్గరికి నడిచాడు. తలుపు తెరిచాడు. లోపలికి వంగి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఈ బండి ఎవరి సామానూ వెనక్కి మొయ్యదు."

"ఏంట్రా?" ఒలాల్ సైకిల్ ఆపాడు. "నదుల సంగతి తెలీదన్నావుగా నిన్న?"

"ఇప్పటికీ తెలీదన్నయ్యా. ఈవిడ సంగతి తెలుసు." పదిమంది ముందు మాట్లాడే అలవాటు లేదు ఒగుటుకి. "వంటింటి బల్ల మీద కూర్చుని ఇది ఆ పని నేర్చుకుంటుంటే చూసినవాణ్ణి నేను. ఒక్క అంకె పొసగకపోతే ముద్ద దిగేది కాదు. పోయిన నెల తప్పు జరిగితే ఎవరైనా పట్టుకున్నారా? లేదు. ఇదే వెతికి పట్టుకుంది. పట్టుకుని చీఫ్ మీటింగులో లేచి, తప్పు నాది అని మీ అందరి ముందూ చెప్పింది. రేడియో వాళ్ళు చెప్పారా ఎప్పుడైనా? నువ్వూ నేనూ చెప్పామా? నిన్న అడిగినప్పుడే ఈ మాట చెప్పాల్సింది. నోరు పెగల్లేదు."

అతను భార్య వైపు చూశాడు. అకేయో లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు కానీ, ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"సరే, కూర్చోండి మీ ఆవిడ 'తెలీదు' పక్కన!" ఒలాల్ సైకిల్ తిప్పుకుని వాలులోకి దిగిపోయాడు. సగం మంది అతని వెనకే వెళ్ళబోయి, మళ్ళీ ఒగుటుని చూసి తటపటాయించారు. విల్కిస్టా మొగుడు వెళ్ళిన దారినే చూస్తూ నిలబడింది.

అకేయో ఫోన్ మోగింది. వంతెన దగ్గరికి పంపిన మనిషి. గాలి హోరులో అతని గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"మేడమ్... యంత్రం లేదు. స్తంభం లేదు. వంతెన కూడా కనబడట్లేదు, అంతా నీళ్ళే! యంత్రం ఎప్పుడో కొట్టుకుపోయింది. ఒడ్డు మీద అంకెలు పంపే పెట్టె ఒక్కటే ఉంది. ఆఖర్న విన్న అంకెనే పంపుతూ కూర్చుంది..."

అకేయో లేచి నిలబడింది. "అందరూ ఇక్కడే ఉండండి! ఎవరూ కిందికి దిగొద్దు!"

ఆ గొంతు! ఒకప్పుడు రేడియోలో వినిపించిన గొంతే. చేతులెత్తి మూటలు పట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

నది వైపు నుంచి వస్తుందనుకుంది అకేయో. అందరి చూపూ అటే ఉంది. నీళ్ళు మాత్రం వెనక నుంచి, కాలవ గట్టు తెంచుకుని వచ్చాయి. మొదట మళ్ళకి అవతల ఒక గోధుమరంగు గీత. చూస్తుండగానే ఆ గీత లావైంది. మళ్ళు మాయమయ్యాయి. బాతులు అరుచుకుంటూ ఎగిరాయి. తర్వాత గానీ చప్పుడు వినబడలేదు.

"వెనక వరండా ఖాళీ చెయ్యండి! నేననుకున్న వైపు కాదు, ఇటు!" అకేయో పరుగెత్తింది. ముసలివాళ్ళని ఒగుటు భుజాన వేసుకుని ముందు వైపుకి చేర్చాడు. చేపలమ్మే ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని అకేయో గౌను పట్టుకుని వదల్లేదు.

మిట్ట మీంచి సిప్రోసా తన ఇంటిని చూసింది. మట్టి గోడ ముందుకి వంగింది, మోకాళ్ళ మీద కూలబడినట్టు కూలింది. దాని మీద రేకుల కప్పు మెల్లగా కూర్చుంది. భర్తతో కలిసి ఆ గోడలకి పూసిన మట్టి.

అప్పుడు విల్కిస్టా సన్నగా మూలిగింది. ఒలాల్ సైకిల్ వెళ్ళింది ఆ వాలులోకే.

*

పొద్దు వాలుతుండగా చేపలవాళ్ళ పడవ ఒకటి బడి మిట్టకి ఆనింది. అందులోంచి ఒలాల్ దిగాడు. ఒళ్ళంతా బురద, కాలికి చెప్పు లేదు. చంకలో ఒక కోడి. దాన్ని ఎందుకు పట్టుకున్నాడో, ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. మధ్యాహ్నమంతా నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్నాడట.

విల్కిస్టా గబగబా వెళ్ళి అతన్ని ఒక్కటి చరిచింది. తర్వాత తన గుడ్డతో ముఖం తుడిచింది.

"కోడి మునగలేదన్నమాట," అంది చేపలమ్మే ఆవిడ. ఎవరూ నవ్వలేదు. ఒలాల్ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. మరదలి దగ్గరికి వచ్చి ఏదో అనబోయి, కోడిని ఆమె చేతుల్లో పెట్టాడు.

ఎత్తు రోడ్డు మీదుగా ఒక జీపు వచ్చింది. అకేయో ఇదివరకు పనిచేసిన రేడియో స్టేషన్ నుంచి విలేకరి దిగాడు. ఆమెని చూసి గుర్తుపట్టి దండం పెట్టి, మైకు మాత్రం అత్తగారి ముందు పెట్టాడు.

"మీ కోడలికి వరద వస్తుందని ముందే తెలిసిందట కదా అమ్మా?"

"ఎవరన్నారు? దానికి తెలీదు," అంది సిప్రోసా. "తెలీదని చెప్పింది. అందుకే బతికాం."

అతనికి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పనూ లేదు.

అదే జీపులోంచి దిగిన ఇంకో మనిషి నంజాలా. సన్నటి పిల్ల, మంచి బూట్లు, అవి బురదలో మడమల దాకా దిగబడ్డాయి. నేరుగా అకేయో దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది.

"అన్ని ఊళ్ళలో కలిపి ఎంతమంది మిట్ట ఎక్కారో ఇంకా లెక్క రాలేదు," అంది. "కానీ ఎక్కారు. బూడిద రంగు చూసి ఎక్కారు."

"మీరు మార్చారు కాబట్టి."

"నైరోబీ నుంచి ఫోనొచ్చింది." నంజాలా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అనుమతి లేకుండా పటం ముట్టుకున్నామని మండిపడుతున్నారు కొందరు. మిగతా నదుల మాటేమిటి, అక్కడెన్నిచోట్ల తెలీకుండానే పచ్చ పెట్టారని జనం అడుగుతున్నారట. ఇంకొందరేమో దేశమంతా ఈ రంగు పెట్టాలంటున్నారు. సోమవారం మనిద్దర్నీ రమ్మన్నారు. అన్ని నదుల అంకెలూ ముందేసి, ఏది నమ్మొచ్చో ఏది నమ్మకూడదో మీరే చెప్పాలట."

"మెచ్చుకోవడానికా, పీకెయ్యడానికా?" ఒగుటు అడిగాడు.

"నిజంగా తెలీదండీ."

అకేయో కోడిని దించింది. ఆమె ముఖంలో అలసట తప్ప ఏమీ లేదు. "అత్తయ్యకి తల దాచుకునే చోటు లేదు. ఇల్లు కట్టాలి. ఈ పరిస్థితిలో నేనెలా వస్తాను మేడమ్?"

"ఇల్లు నేనూ అన్నయ్యా కడతాం," అన్నాడు ఒగుటు. "నువ్వెళ్ళు."

"ఒక్కదాన్నీ అక్కడ వాళ్ళందరి ముందు..."

మాట పూర్తి చెయ్యలేకపోయింది. వేలమందికి వార్తలు చదివిన మనిషి.

సిప్రోసా బస్తా మీంచి లేచింది. పెళ్ళై వచ్చాక అహేరో దాటి ఒక్క రాత్రి కూడా గడపని మనిషి.

"నేనొస్తాను."

"అమ్మా!" ఒలాల్ ఆశ్చర్యంగా చూశాడు. "నైరోబీకా? నువ్వెళ్ళి ఏం చేస్తావు అక్కడ?"

"తలుపు దగ్గర కూర్చుంటాను. దీన్ని ఎవరేమంటారో వింటాను. అనాల్సినవి నాకూ ఉన్నాయి." కోడలి వైపు తిరిగింది. "ఏంటలా చూస్తావు? చెప్పులు ఆ నీళ్ళలో పోయాయి. దారిలో ఓ జత కొనిపెట్టు. గట్టివి చూసి కొను, అక్కడ చాలా నడవాలేమో."